నేల లేని గ్రహం

నాలుగో తాడు కొసకి రాయి కట్టి, దాన్ని కాలితో ఒకసారి తన్ని చూసి, ధోండీరామ్ శేలార్ నడుము పట్టుకుని లేచాడు. ఇంకా నాలుగు తాళ్లు మిగిలాయి. బడి ఆవరణ మధ్యలో పరిచిన పెద్ద గుడ్డ, పైన వెండిరంగు, లోపల తెలుపు, పొద్దుటి గాలికి అక్కడక్కడ ఉబ్బుతూ పడి ఉంది. వరండాలో పిల్లలు ఒకరి భుజాల మీదుగా ఒకరు తొంగి చూస్తున్నారు.

“సిమెంటు హాలుంది కదా కాకా,” వ్యాన్‌లోంచి గాలిపంకా దించుతూ డ్రైవర్ ఇలాహీ గొణిగాడు. “హెడ్మిస్ట్రెస్ బాయి పొద్దున్నే ఊడ్పించి కూడా పెట్టింది. లోపల పరుచుకుంటే తాళ్లూ వద్దు, రాళ్లూ వద్దు.”

“హాల్లో వద్దు.”

“నాలుగేళ్ల నుంచి వింటున్నా ఈ వద్దు. ఎందుకో మాత్రం చెప్పవు. నా నడుం విరిగాక చెప్తావా?”

ధోండీరామ్ ఐదో రాయి కోసం గోడ వైపు నడిచాడు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. బక్కపలచగా, కొంచెం ముందుకి వంగి ఉంటాడు. ఎడమ చెవి పైన అరచేయంత మేర జుట్టు మొలవదు. దాన్ని తెల్ల టోపీ కప్పుతుంది. నడిచేటప్పుడు ముందు కాలివేళ్లు ఆనించి, నేల నమ్మదగిందేనని తేల్చుకున్నాకే మడమ దించుతాడు. ఇలాహీ దాన్ని పెళ్లికూతురు నడక అని ఏడిపిస్తాడు. ధోండీరామ్ నవ్వి ఊరుకుంటాడు. ఊరుకోవడంలో ఆయన్ని మించినవాడు లేడు.

కరాడ్‌లో ఉండే యజమానికి ఇలాంటి గుడారాలు రెండున్నాయి. పంకా తిప్పితే పది నిమిషాల్లో గుడ్డ లేచి బోర్లించిన బానలా నిలబడుతుంది. లోపల స్తంభం ఉండదు, వాసం ఉండదు, గాలే ఆధారం. పిల్లలు గుడ్డ సొరంగంలోంచి ఒకరి వెనక ఒకరు పాకుతూ లోపలికి వెళ్తారు. మధ్యలో పెట్టిన యంత్రం కప్పు నిండా నక్షత్రాలూ గ్రహాలూ పరుస్తుంది. వాటి కథ ధోండీరామ్ చెబుతాడు. పన్నెండేళ్లుగా ఇదే పని. ఏడో తరగతి దాటని మనిషి, యజమాని దగ్గర వినీ వినీ గురుగ్రహం బరువు దగ్గర్నుంచి శని చందమామల పేర్ల దాకా కంఠతా పట్టాడు. అంతకుముందు జాతరల్లో డేరా సినిమాలకి గుంజలు పాతేవాడు. డేరా సినిమాలు మూతపడ్డాక ఇందులో చేరాడు. గుడ్డ కప్పు కింద తప్ప మరో కప్పు కింద ఆయన పనిచేసింది లేదు.

ఇంటి దగ్గరా అంతే. రేకుల గదిలో భార్య కమల్ పడుకుంటే ఆయన బయట అరుగు మీద పడుకుంటాడు. పెళ్లయిన కొత్తలో ఆమె ఏడ్చింది. తరవాత తిట్టింది. ఆ తరవాత ఏటా వానలకి ముందు తనే వెళ్లి టార్పాలిన్ కొని తేవడం మొదలుపెట్టింది.

అసలు సంగతేమిటంటే, ధోండీరామ్‌కి చీకటంటే భయం. చీకటంటే భయపడేవాడు చీకట్లో పిల్లలకి చుక్కలు చూపించి పొట్టపోసుకోవడమేమిటని అడగొచ్చు. ఈత రానివాళ్లు ఎందరు పడవలు నడపడం లేదు? మాట్లాడుతున్నంతసేపూ ఆయనకి భయం వెయ్యదు. అందుకే యజమాని ఇచ్చిన రికార్డు మాటలు ఎప్పుడూ పెట్టడు, తన గొంతుతోనే చెబుతాడు. మధ్యమధ్య ఆగి, “ఉన్నారా?” అని కేకేస్తాడు. పిల్లలందరూ “ఉన్నాం!” అనాలి. టీచర్లు అది పిల్లలు నిద్రపోకుండా చేసే ఉపాయం అనుకుంటారు. నిజానికి ఆ జవాబు కావాల్సింది ఆయనకి. అది వినకపోతే ఆయన గొంతు పెగలదు.

ఈ కోయనా లోయ ఆయన పుట్టిన చోటు. యాభై రెండేళ్లుగా ఇటు అడుగుపెట్టలేదు. ఈ వైపు బళ్ల నుంచి పిలుపు వచ్చినప్పుడల్లా వ్యాన్ బాగాలేదనో, ఒళ్లు బాగాలేదనో ఏదో వంక చెప్పాడు. ఈసారి రెండో గుడారం చిరిగిపోయి కుట్టుపనికి వెళ్లింది. యజమాని గొంతు పెంచాడు. ఇక తప్పలేదు.

ఈ లోయలో నేల ఊగడం వింతేమీ కాదు. అటక మీద గిన్నెలు గలగలమంటాయి, జనం చేస్తున్న పని వదిలి బయటికొస్తారు, కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకుని లోపలికెళ్లి కూర మాడిందేమో చూసుకుంటారు. అలవాటైనవాళ్లకి అది అంతే. పాలకి నోరు కాలినవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడు. ధోండీరామ్ ఘాట్ రోడ్డు దిగినప్పటి నుంచీ ఒకటే లెక్క వేసుకుంటున్నాడు. మూడు ఆటలు. ఒక్కోటి ముప్పావు గంట. పిల్లలు లోపలున్న ఆ రెండుంపావు గంటలు నేల కదలకుండా ఉంటే చాలు. దేవుణ్ని ఆయన అంతకంటే ఏమీ అడగలేదు.

మొదటి ఆట చిన్నపిల్లలది. భయపడి ఇద్దరు ఏడ్చారు, ఒకడు నిక్కరు తడుపుకున్నాడు. అది మామూలే. ఆట అయిపోయేసరికి ధోండీరామ్ చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఒకటి గడిచింది.

రెండో ఆటలో మూడు, నాలుగు తరగతుల పిల్లలు. సూర్యుడి దగ్గర మొదలుపెట్టి, కుజుణ్ని దాటించి, కప్పు మీద గురుణ్ని నిలబెట్టాడు. బూడిదా గోధుమా కలిసిన చారలతో ఆ పెద్ద గ్రహం పిల్లల నెత్తి మీద నెమ్మదిగా తిరుగుతోంది.

“ఇదిగో, ఈయన గురుడు. మన భూమిలాంటివి పదమూడు వందలు ఈయన కడుపులో పడతాయి. ఆ ఎర్ర మచ్చ చూశారా? అది తుఫాను. మీ ముత్తాతకి ముత్తాత పుట్టకముందు లేచింది, ఇంకా ఆగలేదు. కానీ అసలు తమాషా ఏంటో చెప్పనా? ఈయన మీద దిగుదామంటే కాలు పెట్టడానికి నేల లేదు. అంతా గాలే. దిగుతూనే ఉంటాం, దిగుతూనే ఉంటాం. శని కూడా అంతే. వీళ్ల చందమామలకి మాత్రం నేల ఉంది. ఉన్నారా?”

“ఉన్నాం!”

ప్రతి బడిలో ఇక్కడ పిల్లలు నవ్వుతారు. కింద పడిపోతామా కాకా అని అడుగుతారు. ఇక్కడ ఎవరూ నవ్వలేదు. చీకట్లో ఒక ఆడపిల్ల గొంతు వచ్చింది.

“నేల లేకపోతే మరి భూకంపం కూడా రాదా కాకా?”

ధోండీరామ్ చెయ్యి యంత్రం మీద ఆగిపోయింది. పన్నెండేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగేవాళ్లున్న చోటికి ఆయన రాలేదు.

“రాదు,” అన్నాడు. “నేలే లేనప్పుడు ఎక్కణ్నించి వస్తుంది?”

“మరి వాటి చందమామల మీద? వాటికి నేల ఉందన్నావుగా. వాటి మీద వస్తుందా?”

వస్తుంది. గురుడి చందమామల్లో ఒకదాని నేల ఒక్క పూట కుదురుగా ఉండదు. మామూలుగా ఆయన దాని గురించి అగ్నిపర్వతాలతో సహా చెబుతాడు. పొద్దున్న వ్యాన్‌లో కూర్చున్నప్పుడే ఇవాళ దాన్ని వదిలెయ్యాలని నిర్ణయించుకున్నాడు.

“ఇప్పుడు శని ఉంగరాలు చూద్దాం,” అని మీట నొక్కాడు. ఉంగరాలు చూసి పిల్లలందరూ “హా” అన్నారు. ఆ పిల్ల అనలేదు.

ఆట అయ్యాక ఆమె సొరంగం పక్కనే నిలబడి ఉంది. రెండు జడలు, ముందు పన్ను ఊడింది. హెడ్మిస్ట్రెస్ లోహార్ బాయి ఆ పిల్లని రెక్క పట్టుకుని లైనులోకి నెట్టింది. “ప్రాంజల్! కాకాని అన్నం తిననిస్తావా లేదా? ఈ పిల్లకి సందేహాలు తప్ప ఆకలి ఉండదు శేలార్ కాకా, మీరేం అనుకోకండి.”

వంటపాక బయట గోడ నీడలో కూర్చుని ధోండీరామ్ కిచిడీ తింటున్నాడు. వడ్డిస్తున్న హౌసా మావశీ గరిటె పట్టుకుని అలాగే ఆయన మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. బడి పిల్లలకి వండిపెట్టే మనిషి, అరవై దాటింది.

“శేలార్ అన్నారు. ఏ శేలార్లు? నది అవతల, చింతల మిట్ట శేలార్లా?”

ఆయన ముద్ద మింగాడు. “ఆఁ.”

“టోపీ తియ్యి.”

ఎందుకో తీశాడు. ఆమె ఆ మచ్చని చూసి గరిటె కిందపెట్టింది.

“ధోండ్యా! ఒరే, నువ్వు బతికే ఉన్నావా! నిన్ను మీ మామ ఎత్తుకుపోయాక ఎవరికీ ఆచూకీ లేదు. పురుగులా ఇంతుండేవాడివి. నీ ముందు ఇద్దరు దక్కలేదని మీ అమ్మ నీకు ధోండీ అని రాయి పేరు పెట్టింది. రాయివే నువ్వు.”

“ఆఁ,” అన్నాడు మళ్లీ.

“నిన్ను మట్టిలోంచి తీసేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. నేనక్కడే ఉన్నా. ఇంకో పిల్ల కూడా ఉండాలి గదా? మీ చెల్లెలు. దాని పేరు నోట్లో ఉంది, రావట్లే...”

“ఛబీ.”

ఆ పేరు తన నోటితో అని ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియదు. తెల్లవారకముందు ఇల్లు కూలినప్పుడు ఇద్దరూ ఒకే కంబళి కింద ఉన్నారు. ఆమెకి నాలుగేళ్లు, ఆయనకి ఆరు. మట్టి, దూలం, పెంకులు. చెయ్యి చాపితే అందేది కాదు గాని, పిలిస్తే పలికేది. ఛబీ, ఉన్నావా? ఉన్నా దాదా. ఛబీ, ఉన్నావా? ఉన్నా. అలా ఎన్నిసార్లు అడిగాడో. ఒకసారి అడిగితే జవాబు రాలేదు. పైనుంచి వెలుతురు పడేదాకా అడుగుతూనే ఉన్నాడు.

“ఇంకొంచెం పెట్టనా?” అంది హౌసా మావశీ.

“చాలు.” ఆయన పళ్లెం పక్కనపెట్టాడు. ఎడమ భుజం లాగుతోంది. రాళ్లు మోసిన నొప్పి అనుకున్నాడు. ఇంకొక్క ఆట.

మూడో ఆటకి అయిదు నుంచి ఏడు దాకా తరగతుల పిల్లలు. ముప్పై ముగ్గురు. సొరంగం మూతి దగ్గర ఇలాహీ ఒక్కొక్కరి వీపు తడుతూ లెక్కపెట్టి లోపలికి పంపాడు. మధ్యలో గాలికి ఒక తాడు వదులైతే అటు తిరిగి బిగించి వచ్చాడు. అప్పుడే లెక్క తప్పింది గాని, అతనికి తెలియలేదు.

లోపల వేడిగా ఉంది. పంకా ఒకే శృతిలో మోగుతోంది. ధోండీరామ్ ఇవాళ తొందరగా చెప్పుకుపోతున్నాడు. బుధుణ్నీ శుక్రుణ్నీ నాలుగు మాటల్లో తేల్చేశాడు. గురుడు కప్పు మీదికి వచ్చాడు. ఇంకో ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాలు గడిస్తే గుడ్డ మడతపెట్టి, ఘాట్ ఎక్కి, ఈ జన్మకి మళ్లీ ఇటు చూడక్కర్లేదు.

ముందు చప్పుడు వచ్చింది. ఎక్కడో అడుగున బరువైన బండి దొర్లినట్టు. ఈ లోయలో పుట్టినవాళ్లకి అదేమిటో ఒకరు చెప్పక్కర్లేదు. ఆయన కూర్చున్న చోటు ఒక్కసారి పక్కకి జరిగి వెనక్కి వచ్చింది, మళ్లీ జరిగింది. కప్పు మీద గురుడు వణికాడు. తరవాత కరెంటు పోయింది. గురుడు పోయాడు, పంకా మోత పోయింది.

ఇక్కడి పిల్లలకి అక్షరాలకంటే ముందు నేర్పేది ఒక్కటే: నేల ఊగితే బయటికి పరుగు. అడగొద్దు, ఆగొద్దు, పరుగు. ముప్పై ముగ్గురూ ఒకేసారి లేచారు. బయటికి దారి మాత్రం ఒక్కరు పాకితే పట్టే గుడ్డ గొట్టం. మొదట వెళ్లినవాణ్ని వెనకవాళ్లు తొక్కుతారు. ఆయన పన్నెండేళ్లుగా భయపడింది ఇందుకే. అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. ఆయన కాళ్లు కూడా అటే లాగుతున్నాయి. అందరికంటే ముందు తనే దూరిపోవాలని ఉంది.

సొరంగం మూతికి అడ్డంగా కూర్చున్నాడు. ఎవరి మోకాలో ఛాతీకి తగిలింది.

“ఆగండ్రా! ఎక్కడివాళ్లక్కడ! ఒరే, పైనున్నది గుడ్డరా, గుడ్డ! మీద పడితే ఏమవుతుంది? దుప్పటి కప్పుకున్నట్టు ఉంటుంది. ఊగడం ఆగిపోయింది. ఉన్నారా?”

ఏడుపులు.

“ఉన్నారా అంటున్నా!”

“ఉన్నాం...” సగం గొంతులు.

“పొడుగ్గా ఉన్నవాళ్లు లేచి నిలబడి చేతులు పైకెత్తండి. కప్పు దిగొస్తుంది. పట్టుకోండి. మీరు పట్టుకుంటే చిన్నవాళ్లు ముందు బయటికెళ్తారు. ఒక్కొక్కరే. తోశారంటే చూడండి, చెవులు మెలేస్తా.”

గుడ్డ మెల్లగా దిగింది. చీకట్లో చేతులు దాన్ని ఆపాయి. ఎవరో కిసుక్కుమన్నారు. ఒకరి నవ్వు ఇంకొకరికి అంటింది. ఆయన ఒక్కొక్కరి తల తడిమి, సొరంగంలోకి వంచి పంపాడు. అవతలి నుంచి ఇలాహీ గొంతు వినిపిస్తోంది: పన్నెండు, పదమూడు, ఒరే నెమ్మది, పద్నాలుగు. చేతులు తగ్గేకొద్దీ కప్పు కిందికి వస్తోంది. చివరికి పెద్దపిల్లలు కూడా వెళ్లారు.

“ముప్పై మూడు! అందరూ వచ్చేశారు. కాకా, నువ్వు రా!”

గుడ్డ ఆయన వీపు మీద వాలింది. ఊపిరి అందడం లేదు. నోట్లో మట్టి రుచి, యాభై రెండేళ్ల కిందటిది. సొరంగం చివర వెలుతురు ముక్క కనిపిస్తోంది. తల అందులో పెట్టాడు. రెండడుగులు పాకితే ఆకాశం. అలవాటుకొద్దీ, ఎవరూ లేరని తెలిసీ, వెనక్కి తిరిగి అడిగాడు.

“ఉన్నారా?”

“ఉన్నా.”

చాలా సన్నటి గొంతు. ధోండీరామ్‌కి తను విన్నది నిజం గొంతా, తన లోపలిదా తెలియలేదు. మళ్లీ అడగడానికి కూడా భయం వేసింది. అడిగితే ఈసారి జవాబు రాకపోతే? అయినా అడిగాడు.

“ఎవరే? ఉన్నావా?”

“ఉన్నా కాకా. ఇక్కడ.”

ఇలాహీ పిలుస్తున్నాడు. ధోండీరామ్ వెలుతురుకి వీపు పెట్టి, గుడ్డని తలతో ఎత్తుకుంటూ, మోకాళ్ల మీద లోపలికి పాకాడు. ఒక చెయ్యి ముందు నేల తడిమి, తరవాత రెండోది. యంత్రం పెట్టె తగిలింది. దాని వెనక ముడుచుకుని ఉన్న రెండు జడల తల తగిలింది. యాభై రెండేళ్లకి, చాపిన చెయ్యికి ఒక మనిషి అందింది.

“నువ్వేంటే? నీ ఆట పొద్దున్నే అయిపోయిందిగా?”

“దూరి వచ్చా. నువ్వు చెప్పలేదుగా, చందమామల మీద వస్తుందో రాదో. తరవాత బాయి చూస్తే కొడుతుందని దాక్కున్నా.” ప్రాంజల్ ఆయన చొక్కా గట్టిగా పట్టుకుంది. “కాకా, భయమేస్తోంది. నీకు?”

“నాకూ వేస్తోంది,” అన్నాడు ధోండీరామ్. ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. కమల్‌తో కూడా.

“పెద్దవాళ్లకి వేస్తుందా?”

“వేస్తుంది. పద, ఈ పెట్టె వైరు పట్టుకుని పాకు. నేను చెప్తుంటా, నువ్వు వింటూ పాకు. గురుడికి ఒక చందమామ ఉంది. దాన్ని గురుడు ఇటు లాగుతాడు, తోటి చందమామలు అటు లాగుతాయి. మధ్యలో అది నలుగుతుంది. దాని నేల రోజూ ఊగుతుంది. లేస్తుంది, దిగుతుంది.”

“రోజూనా? మరి అక్కడి పిల్లలు?”

“అక్కడ పిల్లలు లేరే.”

ప్రాంజల్ ఇంకాస్త ముందుకి పాకింది. “మంచిదైంది,” అంది.

సొరంగం మూతి దగ్గర ఆయన ఆగాడు. భుజం నొప్పి చేతిలోకి దిగి దవడ దాకా పాకింది. ఆ పిల్ల వీపు మీద చెయ్యివేసి ముందుకి నెట్టాడు. “నువ్వు పద. కాసేపు కూర్చుని వస్తా. పెట్టె చూసుకోవాలి.”

బయట పిల్లలందరినీ ఆవరణ మధ్యలో కూర్చోబెట్టి లోహార్ బాయి మళ్లీ లెక్కపెడుతోంది. బడి గోడకి ఒక బీట పడింది, అంతకుమించి ఏమీ కాలేదు. సొరంగంలోంచి ముప్పై నాలుగో పిల్ల బయటికి రావడం చూసి ఇలాహీ మొహం పాలిపోయింది. “నువ్వెక్కణ్నించి ఊడిపడ్డావే తల్లీ!” అని తన నెత్తి తనే కొట్టుకున్నాడు.

“కాకా వస్తున్నాడు,” అంది ప్రాంజల్. “పెట్టె చూసుకుంటున్నాడు.”

హౌసా మావశీ అల్లం టీ తెచ్చి, ధోండ్యాకి ముందు ఇస్తానని గ్లాసు పట్టుకుని నిలబడింది. ఇలాహీ రెండుసార్లు పిలిచాడు. అంతలో కరెంటు వచ్చింది. ఎవరూ ఆపకపోవడంతో పంకా దానంతటదే మోగడం మొదలుపెట్టింది. చదునుగా పడి ఉన్న గుడ్డ ఉబ్బి, ఒక పక్క నుంచి లేచి, మెల్లగా గుండ్రంగా నిలబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఇలాహీ లోపలికి పాకి వెళ్లాడు. ధోండీరామ్ పెట్టెకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మోకాళ్లు మడిచి, ఏదో చెప్పబోయి ఆగినట్టు నోరు కొంచెం తెరిచి ఉంది. కళ్లు కప్పు వైపున్నాయి. ఇలాహీ ఆయన్ని పేరు పెట్టి, కాకా అని, చివరికి బాబా అని పిలిచాడు.

ఆయన్ని వ్యాన్‌లో వేసుకుని పాటణ్ ఆసుపత్రికి పరుగెత్తారు. లోహార్ బాయి వెంట వెళ్లింది. గంట తరవాత ఆమె ఫోన్ చేసి, ఘాట్ మొదట్లోనే అంతా అయిపోయిందనీ, డాక్టర్ చేతులు పెట్టి చూడ్డం తప్ప చేసిందేమీ లేదనీ చెప్పింది. హౌసా మావశీ వంటపాక గడపలో కూలబడి, పేరు పెట్టి ఏడ్చింది. ప్రాంజల్‌ని వాళ్లమ్మ వచ్చి ఎత్తుకుపోయింది. అంత పెద్ద పిల్లని ఎత్తుకోవడమేమిటని ఎవరూ అనలేదు.

సాయంత్రం బడి మూసేటప్పుడు, పంకా ఆపెయ్యాలి కదా అని ఒక టీచరు స్విచ్చు దాకా వెళ్లి నిలబడింది. ఆపితే కప్పు కిందికి దిగుతుంది. ఈ ఊళ్లో కప్పులు కూలడం అందరూ చూసినవాళ్లే. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇంకొకరు ఆపుతారేమోనని చూసింది. ఎవరూ ముందుకి రాలేదు. తలుపులకి తాళాలు వేసి అందరూ ఇళ్లకి వెళ్లారు. ఖాళీ ఆవరణలో, ఎనిమిది రాళ్లకి కట్టిన ఆ వెండిరంగు గుడ్డ, లోపల ఎవరూ లేకుండా, గాలి పోసుకుంటూ నిలబడి ఉంది.